సాయక్క చెవి, నా నోటుబుక్కు

మొన్న నిజామాబాదు కంఠేశ్వర్‌లో కండ్ల డాక్టరు దగ్గర నా వంతు కోసం బయట బల్ల మీద కూర్చున్నాను. ఎదురుగా పెండ్లి బరాత్ కోసం ఒక పాత అంబాసిడర్ కారును బంతిపూలతో ముస్తాబు చేస్తున్నారు. డ్రైవరు తాళం తిప్పగానే అది గొంతు సవరించుకుంది. రెండుసార్లు ఎగపోసింది. ఆ తర్వాత లోపల ఏదో రేకు వదులై కొట్టుకుంటున్నట్టు చిన్నగా దగ్గుతూ నిలబడింది. నా నోటి నుంచి నాకు తెలియకుండానే ‘దమ్ముది’ అన్న మాట వచ్చింది. పక్కనున్న కుర్రవాడు ఫోనులోంచి తల ఎత్తి, “ఏంది తాతా? గా బండా? దానికిప్పుడు మస్తు రేటు” అన్నాడు. నాకు ఒళ్లు మండింది. బండి అనగానే వీళ్లకు ముందు రేటు గుర్తుకొస్తుంది. బండిని చూడకుండా, చెవితో విని, అది ఎవరిదో, దాని కడుపులో ఏం నొప్పి ఉందో చెప్పిన మనిషి ఈ ఊళ్లో ఒకామె ఉండేదని ఆ కుర్రవాడికి చెబుదామనుకున్నాను. అంతలో లోపల నా పేరు పిలిచారు. అతనికి చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను.

ఆమె పేరు సాయవ్వ. నాకు సాయక్క. యాభై ఆరులో, మా తెలంగాణ కొత్త రాష్ట్రంలో కలిసిన ఏడు, నిజామాబాదు ఊరు చివర బోధన్ రోడ్డు మీద నేను సైకిల్ దుకాణం పెట్టుకున్నాను. దుకాణమంటే నాలుగు కర్రలు, ఒక రేకు, ఒక గాలిపంపు, నీళ్ల తొట్టి. రోడ్డుకు అవతల సాయక్క ఇల్లు. మొగుడు షోలాపూర్ మిల్లులకు పోయి, అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడు. ఆమె పొద్దున్నుంచి దీపాలు పెట్టేదాకా అరుగు మీద కూర్చుని, ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టేది. ఆమెకు ఉన్నది ఒక్క తమ్ముడు, మల్లయ్య. చెరుకు బండి తోలేవాడు. పంట కాలంలో ఊళ్లల్లోంచి బోధన్ చక్కెర ఫ్యాక్టరీకి చెరుకు చేరవేసి, అక్కడ వరుసలో ఒకటి రెండు రోజులు ఎద్దులతో పాటు పడి ఉండి వచ్చేవాడు. మెడలో తులసిమాల. ఏటా భజన బృందంతో పండరికి నడిచి పోయేవాడు. మాల వేసుకున్న నాటి నుంచి కల్లు ముట్టలేదు. మా వాడలో కల్లు ముట్టని మగవాడంటే ఎంత వేళాకోళమో చెప్పలేను. “మల్లిగా, నీ ఎడ్లు తాగుతయా? గవన్న తాగనియ్యి” అనేవాళ్లు. మల్లయ్య నవ్వి ఊరుకునేవాడు.

అప్పట్లో ఆ రోడ్డు మీద రోజుకు వచ్చే కార్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఫ్యాక్టరీ ఆఫీసర్లవి, పెద్ద రైతులవి, ఒకరిద్దరు డాక్టర్లవి. ఒకరోజు నేను ట్యూబును నీళ్లలో ముంచి బుడగలు చూస్తున్నాను. బోధన్ వైపు నుంచి ఏదో చప్పుడు. నేను తల ఎత్తేలోపే అవతలి అరుగు మీద సాయక్క, చాటలోంచి చూపు తిప్పకుండానే, “ఏనుగొచ్చె” అంది. నిజంగానే ఒక నల్లటి బ్యూక్ కారు ఏనుగులా ఊగుతూ మా ముందు నుంచి పోయింది.

“చూడకుండ ఎట్ల చెప్పినవక్కా?” అని అడిగాను.

“చూస్తే ఆకు చినుగుతది. చినిగిన బీడీ ఖార్ఖానల తీసి పారేస్తరు. చేతులకు పనున్నది, కండ్లకు పనున్నది. చెవులు ఖాళీగున్నయి తమ్మీ. గవిటిని రోడ్డు మీదికి తోలిన.”

అట్లా మొదలైంది. ప్రతి కారునూ ఆమె ఒక్కసారే కండ్లారా చూసేది. ఆ తర్వాత ఎన్నిసార్లు వచ్చినా చెవితోనే పట్టేది. కంపెనీ పేర్లు ఆమెకు అక్కర్లేదు. గుండ్రటి దీపాల మోరిస్ గుడ్లగూబ. కిటికీలకు తెరలున్న ప్లిమత్ పెండ్లిపిల్ల. ఫ్యాక్టరీ జీపు గయ్యాళి. కారు కనబడక ముందే ఆమె పేరు చెప్పాలి, అది వచ్చాక నేను ఔనో కాదో చెప్పాలి. తప్పితే చాయ్ ఆమె పోయాలి, ఒప్పయితే నేను పోయాలి. ఎన్నేళ్లు నేనే పోశాను! మల్లయ్య ఇంట్లో ఉన్న రోజున అరుగు అంచున కూర్చుని ఆటపట్టించేవాడు. “అక్కా, గీ చెవులను ఒక్కసారి పండరికి తోలరాదు? విఠోబా నా గురించి ఏమంటుండో ఇను.” సాయక్క దారం కొరుకుతూ, “విఠోబాకు ఇంజనున్నదారా ఇననీకి?” అనేది.

నేను బడి మెట్టు ఎక్కినవాణ్ణి కాదు. ఈ మాట సిగ్గుపడి చెప్పడం లేదు. నా ఈడు పేదవాళ్లకు బడి మెట్టు ఎక్కడ ఉందో కూడా ఎవరూ చూపించలేదు. నా చేత అక్షరం పట్టించింది సాయక్కే, ఆమెకే అక్షరం రాకపోయినా. ఒకనాడు ఆమె అంది: “బండి ఎల్లిపోతది. చప్పుడు ఎల్లిపోతది. దాని నొసటి మీద ఏందో రాసుంటది గద, అది పట్టుకుంటే ఉంటది. నా చెవి, నీ కండ్లు. నేర్చుకోరాదు?” నేను నంబరు పలకల మీది ఆకారాలను బొగ్గుతో దుకాణం చెక్క మీద దింపేవాణ్ణి. బోధన్ బస్సు ఆగినప్పుడు కండక్టరును అడిగి ఏ ఆకారం పేరేమిటో తెలుసుకునేవాణ్ణి. పాత హైదరాబాదు అక్షరాలు నాకు పట్టుబడేసరికి సర్కారు వాటిని తీసేసి కొత్త రాష్ట్రం అక్షరాలు తెచ్చింది. సర్కారును తిట్టుకుంటూ మళ్లీ నేర్చుకున్నాను. నంబర్ల నుంచి ఇంగ్లీషు అక్షరాలు, అక్కడి నుంచి పొట్లాలు కట్టిన కాగితాల మీది తెలుగు. ఇవాళ మీరు చదువుతున్న ఈ వాక్యం ఆ నంబరు పలకల నుంచి నడిచి వచ్చిందే.

మొదటి నోటుబుక్కు కొన్న రోజు ఆమె కాడికి తీసుకుపోయి చూపించాను. తంబాకు అంటిన వేళ్లను కొంగుకు తుడుచుకుని, ఖాళీ కాగితాలను ఒక్కొక్కటే తిప్పింది.

“తమ్మీ, చూసిందే రాయాలె. చూడంది రాయొద్దు. కట్టకు ఇరవై ఐదు బీడీలు. నేను ఇరవై నాలుగు పెట్టి కడితే కట్ట కట్ట లెక్కనే ఉంటది, చూసెటోనికి తెల్వది. నాకు తెలుస్తది.”

“గంత మాత్రం తెల్వదా అక్కా నాకు?” అన్నాను. నిజంగానే తెలుసనుకున్నాను.

కొన్నేళ్లు ఆ నోటుబుక్కు నా పంచప్రాణాలు. ఏ బండి ఏ పూట ఎటు పోయిందో, రంగేమిటో, నంబరేమిటో, ఎదురుగా సాయక్క పెట్టిన పేరేమిటో అన్నీ రాసేవాణ్ణి. అయితే అరవైలు నడుస్తున్న కొద్దీ రోడ్డు మారింది. విదేశీ కార్లకు సామాన్లు దొరకక ఒక్కొక్కటే కొట్టాల్లో గడ్డి కింద పడిపోయాయి. ఏనుగు ఒక రైతు పెరట్లో కోళ్లగూడు అయిందని మల్లయ్య వచ్చి చెప్పిన రోజు సాయక్క అన్నం సరిగా తినలేదు. వాటి చోట అన్నీ అంబాసిడర్లు, అక్కడక్కడా ఫియట్లు. ఒకే అచ్చులో పోసిన ఇటుకల్లా వచ్చేవి, పోయేవి. నాకు విసుగొచ్చింది. “అన్నీ ఒక్క తీరే ఉన్నయక్కా. ఇగ చూసుడేంది?” అంటే ఆమె నవ్వింది. “మనుషులందరికి రెండు కండ్లు, ఒక ముక్కు. గట్లని అందరొక్కటేనా? గీ అంబాసిడర్లల్ల ఒగటి కుంటుతది, ఒగటి గొణుగుతది. గా గుత్తేదారుది సూడు, దానికి దమ్మున్నది.”

దమ్మంటే మా వైపు ఆయాసం. ఊళ్లో ఒక రోడ్ల గుత్తేదారు ఉండేవాడు. అతని అంబాసిడర్ రోజూ దీపాలు పెట్టే వేళకు దగ్గుకుంటూ బోధన్ వైపు పోయి, చాలా సేపటికి తిరిగొచ్చేది. సాయక్క దానికి దమ్ముది అని పేరు పెట్టింది. దానికి మందిప్పించమని గుత్తేదారుకు చెప్పిరమ్మని నన్ను ఎగదోసేది కూడా.

ఇక్కడ నా తప్పు రాయాలి. ఇన్నేళ్లలో ఎన్నోసార్లు ఎవరెవరి మీదనో కోపపడ్డాను, ఇక ముందూ పడతాను. కానీ ఇది నా ఒక్కడిదే. రోజూ ఒకే వేళకు వచ్చే బండిని రోజూ చూసి రాయడమెందుకని, అటువంటి రోజువారీ బండ్ల నంబర్లను ఆదివారం నాడు ఒకేసారి కూర్చుని వారమంతటికీ రాసేయడం మొదలుపెట్టాను. పేజీ నిండుగా, ముద్దుగా కనబడేది. ఒక చెరుకు కాలంలో, అలాంటి ఒక ఆదివారం, నేను రాసుకుంటుంటే సాయక్క రోడ్డవతలి నుంచి పిలిచి అంది: “బేస్తారం, శుక్రారం రెండు దినాలు దమ్ముది రాలే తమ్మీ. పానం బాగలేదో ఏమో.”

నేను అప్పటికే ఆ రెండు రోజులకూ దాని నంబరు రాసేసి ఉన్నాను. కొట్టేస్తే పేజీ పాడవుతుంది. “వచ్చిందక్కా. నీకు ఇనరాలే” అన్నాను.

ఆమె చేతులు ఆగాయి. బీడీ సగం చుట్టి చేతిలోనే పట్టుకుని తల ఎత్తి నన్ను చూసింది.

“వచ్చిందా?”

“వచ్చింది. చూసిన, రాసిన.”

ఆమె చెవిని ఒకసారి వేలితో రుద్దుకుంది. “వయసైతున్నది గద” అంది. మళ్లీ చాటలోకి వంగింది. పన్నెండేళ్ల తన చెవిని పక్కన పెట్టి నా మాట నమ్మింది.

ఆ తర్వాతి వారమే అది జరిగింది. సాయంత్రం దుకాణం సర్దుకుంటుంటే దమ్ముది బోధన్ వైపు పోవడం చూశాను. అరగంట కాకముందే తిరిగొచ్చింది. ఎప్పుడూ అంత తొందరగా వచ్చేది కాదు. ఎడమ దీపం వెలగడం లేదు. ఒంటికన్నుతో, ఎన్నడూ లేని వేగంతో ఊళ్లోకి పోయింది. అరుగు మీద సాయక్క, “దమ్ముది గింత జల్ది ఎందుకు మర్లింది? దాని దగ్గు కూడ మారింది, ఏదో ఇరిగినట్టున్నది” అంది. ఆ రోజు దాని రాకపోకలు రెండూ కండ్లారా చూసే రాశాను. కొంతసేపటికి బోధన్ దారిలోని జానకంపేట వైపు నుంచి సైకిల్ మీద ఒకతను వచ్చి, మల్లయ్య చెరుకు బండి దారి పక్కన ఒరిగి ఉందని, మల్లయ్య దాని చక్రం పక్కన పడి ఉన్నాడని చెప్పాడు. అప్పటికే ప్రాణం లేదు.

పోలీసు కాగితంలో, తాగి బండి మీది నుంచి జారిపడ్డాడని రాశారు. పక్కన కల్లు సీసా దొరికిందట. ఆ సీసా అక్కడికి ఎట్లా వచ్చిందో ఎవరూ అడగలేదు. పేదవాడు చచ్చిపోతే పక్కన కల్లు సీసా ఒకటి దొరకడం ఈ దేశంలో ఎంత సులువు! సాయక్క ఏడ్చిన ఏడుపు వేరు, ఆ మాటకు పడిన బాధ వేరు. మల్లయ్యతో పండరికి నడిచే బృందానికి ఒక పద్ధతి ఉండేది. తమలో ఒకడు పోతే అతని మాలను నెత్తిన పెట్టుకుని పండరికి తీసుకుపోయి అక్కడి చంద్రభాగ నదిలో విడిచేవారు. ఈసారి భజన పెద్ద వచ్చి గడపలో నిలబడ్డాడు. లోపలికి రాలేదు.

“అవ్వా, కాగితంల తాగిండని ఉన్నది. మాల ఏసుకోని తాగినోని మాల మేం మొయ్యం. కోర్టు గా మాట తీసేస్తే నెత్తి మీద పెట్టుకోని కొంటవోతం.”

“తీసేపిస్త” అంది సాయక్క. ఆమె గుత్తేదారును జైలుకు పంపమని అడగలేదు. తమ్ముని పేరు మీది నుంచి ఆ ఒక్క మాట పోవాలి, అంతే. ఒక చిన్న వకీలును పట్టుకుని, ఆఫీసుల చుట్టూ తిరిగి, తమ్మునికి తగిలింది దమ్ముదేనని కేసును కోర్టుకు ఎక్కించింది. సాక్షులం ఇద్దరమే. చూసినవాణ్ణి నేను, విన్నది ఆమె. ఇక నా నోటుబుక్కు.

కోర్టులో గుత్తేదారు వకీలు నన్ను, “ఎంతవరకు చదువుకున్నవ్?” అని అడిగాడు. “చదువుకోలేదు, నేర్చుకున్న” అన్నాను. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు ఇంకా నాకు గుచ్చుకుంటూనే ఉంది. అయినా నేను తొణకలేదు. చూసింది చూసినట్టు చెప్పాను. అతను నా నోటుబుక్కు తెరిచి, మెచ్చుకున్నట్టు తల ఊపుతూ, వెనక్కి నాలుగు పేజీలు తిప్పాడు.

“ముందటి వారం బేస్తారం, శుక్రారం కూడ గీ కారును చూసి రాసినవా?”

“రాసిన” అన్నాను.

అతను ఒక కాగితం తీసి జడ్జికి ఇచ్చాడు. హైదరాబాదులో ఒక మరమ్మతు షెడ్డు వాళ్లు ఇచ్చిన కాగితం. ఆ రెండు రోజులు ఆ కారు ఇంజను విప్పి బల్ల మీద పెట్టి ఉంది. “సార్, ఇంజను హైదరాబాదుల ఉన్నది, బండి నిజామాబాదుల తిరిగింది. ముంగట ఎడ్లను కట్టిండ్రేమో అడగుండ్రి” అన్నాడు. కోర్టంతా నవ్వింది. ఎద్దుల బండి పక్కన చచ్చిపడి ఉన్నవాడి అక్క అక్కడే నిలబడి ఉంది.

తర్వాత ఆమెను పిలిచారు. ఆ రెండు రోజులు ఆ కారు వచ్చిందా అని అడిగారు. నేను వచ్చిందన్నాను. ఆమె కూడా వచ్చిందంటే ఇద్దరం అబద్ధాలకోరులం. రాలేదంటే నేను అబద్ధాలకోరును. సాయక్క ఒక్కసారి నా వైపు చూసింది.

“నాకు ఇనరాలే” అంది. “గదే మా తమ్మికి చెప్పిన. చూసిన్నన్నడు. నా చెవే తప్పైందనుకున్న.”

వకీలు జడ్జి వైపు తిరిగాడు. “తన చెవి తప్పని ఆమెనే ఒప్పుకుంటున్నది సార్.”

ఆ కోర్టులో నిజం తప్ప ఒక్క మాట చెప్పని మనిషి ఆమె ఒక్కతే. ఆమె నిజాన్నే తీసుకుని ఆమె మీద కప్పారు. దానికి కావలసిన బట్ట నేసి ఇచ్చింది నేను. కేసు కొట్టేశారు. కాగితంలో ఆ మాట అట్లాగే ఉండిపోయింది.

మరునాడు సాయక్క చాట తీసుకుని లోపలి గదిలోకి పోయింది. ఆ తర్వాత అరుగు మీద కూర్చోలేదు. నేను చాయ్ తీసుకుపోతే తాగేది, నా పిల్లల గురించి అడిగేది, నవ్వేది కూడా. కార్ల మాట మాత్రం ఎత్తేది కాదు. నన్ను ఒక్క మాట అనలేదు. రెండు దెబ్బలు కొట్టినా బాగుండేది. ఒకసారి నేనే తెగించి, “అక్కా, ఆ మాల నేనే కొంటవోయి పండరిల విడుస్త” అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది. “దొంగతనంగ ఇడిసినట్టైతది. వాడు దొంగ కాదు. వాళ్లే వచ్చి అడుగాలె.” ఎవరూ వచ్చి అడగలేదు. మాల పాత చీర ముక్కలో చుట్టి ఆమె బీడీల గంపలోనే ఉండేది.

డెబ్బైలు సగమయ్యేసరికి చెరుకు లారీలెక్కింది, ట్రాక్టర్లెక్కింది. రోడ్డు వెడల్పు చేయడంలో నా దుకాణం రెండు గజాలు వెనక్కి జరిగింది. బండ్లు ఎన్ని పోయేవంటే, చెవి పెట్టేవాళ్లు ఉన్నా ఒకదాని నుంచి ఒకదాన్ని విడదీయలేకపోయేవారు. తంబాకు దుమ్ము సాయక్క ఊపిరితిత్తుల్లో కూర్చుంది. చివరి రోజుల్లో గోడకు ఒరిగి కూర్చుంటే తప్ప గాలి ఆడేది కాదు. “చూసినవా తమ్మీ, దమ్ము నాకొచ్చింది” అని ఆ స్థితిలోనూ నవ్వింది.

ఒక మధ్యాహ్నం గడపకు వీపు పెట్టి ఆమె ఎదుట కూర్చున్నాను. బయట ఏదో కారు పోయింది. ఎన్నో ఏండ్ల తర్వాత ఆమె మెడ అటు తిరిగింది. “నా రొప్పుల నాకే ఇనస్తలేదు. ఏది పోయింది తమ్మీ?”

ఏదైనా చెప్పి ఉండవచ్చు. ఏనుగు అన్నా, పెండ్లిపిల్ల అన్నా ఆ ముఖం వెలిగేది. నా నోటిదాకా వచ్చింది కూడా.

“చూడలేదక్కా” అన్నాను.

ఆమె తల నా వైపు తిప్పింది. ఆకు కత్తిరించీ కత్తిరించీ కాయలు కాసిన చేయి వచ్చి నా చేతి మీద పడింది. “గప్పుడు గీ ఒక్క మాట అంటే అయిపోతుండె గద తమ్మీ” అంది. అందులో కోపం లేదు. పోయిన బస్సు గురించి చెప్పినట్టు చెప్పింది.

నాలుగు రోజులకు ఆమె పోయింది. మాల పట్టుకుని భజన పెద్ద దగ్గరికి పోయాను. అతనూ ముసలివాడయ్యాడు. మాలను కండ్లకు దగ్గరగా పెట్టుకుని చూసి, “కాగితం మారిందా?” అని అడిగాడు. మారలేదన్నాను. నా చేతిలోనే పెట్టాడు. అది ఇప్పుడు నా రేకు పెట్టెలో, ఆ నోటుబుక్కు పక్కన ఉంది. ఆ రెండు రోజులకు రాసిన నంబర్లను నేను కొట్టేయలేదు. అప్పుడు పేజీ పాడవుతుందని కొట్టేయలేదు, ఇప్పుడు కొట్టేసే హక్కు నాకు లేదు.

ఇదంతా చదివినవారు ఒకటి గమనించి ఉంటారు. మల్లయ్య ఎట్లా పడ్డాడో నేను ఎక్కడా రాయలేదు. కలలో ఎన్నోసార్లు చూశాను. ఎద్దులు బెదరడం, దీపం పగలడం, చెరుకు గడలు రోడ్డు మీద చెదరడం అన్నీ చూశాను. కానీ కండ్లతో కారు పోవడం చూశాను, ఒంటి దీపంతో తిరిగి రావడం చూశాను. నడుమ జరిగింది చూడలేదు. మల్లయ్య కల్లు ముట్టడం కూడా నేను చూడలేదు. అతని ఇంటి ఎదురుగా పన్నెండేళ్లకు పైగా కూర్చుని, ఒక్కనాడూ చూడలేదు. ఆ మాట నన్ను ఏ కోర్టూ అడగలేదు.